ఒకే వర్చువల్ మెషీన్‌కి వంద డిస్కులు తగిలించాలంటే ఏ దారి మంచిది?

“అన్నా, నలభై డిస్కులు పెట్టమన్నావు కదా, ఇరవై ఏడుకే ఆగిపోనాది. ఇరవై ఎనిమిదోది పెడితే అసలు మిషనే లేవట్లేదు.”

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి కూతవేటు దూరంలో ఒక మేడగది మాది. స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌ని రకరకాల డిస్కుల మీద నడిపి, ఎక్కడ తేడా కొడుతుందో పట్టుకోవడం మా పని. నిజం డిస్కులు నలభై కొనే స్తోమత లేదు కాబట్టి అన్నీ వర్చువల్‌వే: ఒక కంప్యూటర్ (హోస్ట్) లోపల సాఫ్ట్‌వేర్‌తో లేపిన ఇంకో కంప్యూటర్ (గెస్ట్), దానికి తగిలించిన ఉత్తుత్తి డిస్కులు. ఈ గొడవలో, పైన ఆ మాటన్న మా కుర్రాడి తప్పేమీ లేదు. వర్చువల్ మెషీన్లని నడిపే క్యూఎమ్యూ అనే ప్రోగ్రామ్‌ని పాత అలవాటు కొద్దీ “పీసీ” మెషీన్‌తో లేపాడు. అది 1996 నాటి ఇంటెల్ ఐ440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌కి నకలు. దాని పీసీఐ బస్సుకి (పరికరాలు తగిలించే దారికి) ఉన్నవి 32 స్లాట్లు. సున్నా హోస్ట్ బ్రిడ్జిది, ఒకటి పాత ఐఎస్ఏ, ఐడీఈ సరంజామాది, రెండు వీడియో కార్డుది. నెట్ కార్డుకొకటి, మెమరీ బెలూన్‌కొకటి పోయాయి. మిగిలినవి 27. అణా పైసలతో సహా లెక్క సరిపోయింది.

స్లాట్ల గొడవ తీర్చుకోవడం పెద్ద పనేం కాదు. కానీ అది దాటి లోపలికి వెళ్లాక ఒకదాని వెనక ఒకటి గడపలు తగులుతూనే ఉన్నాయి: ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ప్రతి ఫైలుకీ కెర్నల్ ఇచ్చే నంబర్లు), ఇంటరప్టు దారులు (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే దారులు), బస్సు నంబర్లు, బూట్ సమయం. ఒక గెస్ట్‌కి పదులూ వందలూ పరికరాలు తగిలించాలనుకునేవాళ్లకీ, సొంతంగా వర్చువల్ మెషీన్ మానిటర్ (క్యూఎమ్యూ లాంటి ప్రోగ్రామ్) రాసుకునేవాళ్లకీ ఏ పద్ధతి ఎక్కడ నప్పుతుందో, ఎక్కడ ఎదురు తిరుగుతుందో చెబుతాను. ఉదాహరణలు క్యూఎమ్యూ, దానికి తోడుండే లినక్స్ కెర్నల్ భాగం కేవీఎంలవి. ఎందుకంటే మా చేతులు కాలింది వాటితోనే.

తూకం దేనితో వేయాలి

పరికరం ఒక్కోటి ఏం తింటుందో ముందు చూడాలి. నేను మూడు ఖర్చులుగా విడదీస్తాను: లేపేటప్పుడు అయ్యేది, ఊరికే ఉన్నప్పుడు అయ్యేది, పని చేసేటప్పుడు అయ్యేది. బెంచ్‌మార్కులన్నీ మూడోదాని చుట్టూనే తిరుగుతాయి. పది డిస్కుల లోపు ఆ లెక్క చాలు. వందకి వెళ్తే కొంప ముంచేవి మొదటి రెండే, అందులోనూ రెండోది.

వంద డిస్కులున్న మెషీన్‌లో ఏ క్షణాన చూసినా నిజంగా పని చేస్తున్నవి నాలుగో ఐదో ఉంటాయి. మిగతా తొంభై అయిదూ ఊరికే ఉంటాయి. ఊరికే ఉన్నదానికి ఖర్చు ఎందుకవుతుందంటారా? గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కాలువ మీద లస్కరు పని గుర్తు చేసుకోండి. కాలువ గట్టు పొడవునా సైకిలేసుకుని ప్రతి తూము దగ్గరా దిగి, ఎవరికైనా నీళ్లు కావాలా అని చూసుకుంటూ పోతే, అడిగేవాడు ఒక్కడే ఉన్నా తూములన్నీ తిరగాల్సిందే. తూములు రెట్టింపైతే తిరుగుడూ రెట్టింపే. అదే, నీళ్లు కావాల్సిన రైతే ఫోన్ చేసే ఏర్పాటుంటే, తూములు వెయ్యి ఉన్నా లస్కరు వెళ్లేది పిలిచిన చోటికే.

క్యూఎమ్యూ మెయిన్ లూప్ మొదటి రకం లస్కరు. పోల్ అనే సిస్టమ్ కాల్‌కి తన దగ్గరున్న ఫైల్ డిస్క్రిప్టర్లన్నీ ప్రతిసారీ అప్పజెబుతుంది, కెర్నల్ ప్రతిసారీ అన్నింటినీ తిరిగి చూస్తుంది. ఐఓ థ్రెడ్‌లో (డిస్కుల పని కోసం విడిగా నడిపే థ్రెడ్‌లో) అలా కాదు. డిస్క్రిప్టర్లు 64కి చేరితే ఈపోల్‌కి మారిపోతుంది, అంటే ఫోన్ ఏర్పాటు. దీనికి తోడు ఇంకొకటుంది. కెర్నల్‌ని అడక్కుండా క్యూల (గెస్ట్ తన రిక్వెస్టులు పెట్టే వరసల) మెమరీనే తొంగి చూసే పోలింగ్. ఒకటి రెండు డిస్కులుంటే చాలా వేగం. వంద ఉంటే మళ్లీ వంద తూములూ తిరగడమే. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 5.0 వెర్షన్‌లో దీనికి మందు వేశారు: ఏడు సెకన్ల పాటు చప్పుడు చేయని క్యూని తొంగి చూసే జాబితాలోంచి తీసేస్తారు, మళ్లీ కదలిక వస్తే చేర్చుకుంటారు. సొంతంగా మానిటర్ రాసేవాళ్లు అన్నిటికంటే ముందు ఎత్తి రాసుకోవాల్సిన సంగతి ఇది. ఖర్చు పని చేసే పరికరాల లెక్కన పడాలి గానీ, తగిలించిన పరికరాల లెక్కన పడకూడదు.

ఇక లేపేటప్పటి ఖర్చు. గెస్ట్ ఒక క్యూని తట్టాలంటే ఫలానా అడ్రసులో రాస్తుంది. ఆ రాతను పట్టుకుని ఒక ఈవెంట్ ఎఫ్‌డీకి (కబురు అందించే ఫైల్ డిస్క్రిప్టర్‌కి) అందించమని కేవీఎంకి ముందే చెప్పి ఉంచాలి. ఒక్కో క్యూని చేర్చినప్పుడల్లా క్యూఎమ్యూ అప్పటిదాకా ఉన్న జాబితా మొత్తాన్ని తిరగేస్తే ఎంతవుతుందో చూడండి. 40 డిస్కులు, డిస్కుకి 32 క్యూలు, వెరసి 1280. ఒకటికి ఒకసారి, రెండుకి రెండు, అలా 1280 దాకా కూడితే 8 లక్షల 20 వేల అడుగులు. అదే ఒక డిస్కు క్యూలన్నీ ఒక మూటగా కట్టి ఒకేసారి అప్పజెబితే 26 వేలతో తేలిపోతుంది. మెమరీ మార్పులకి మొదలు, ముగింపు అని రెండు గీతలు గీసి మధ్యలో ఎన్ని మార్పులున్నా చివర ఒక్కసారే లెక్క చూడటం క్యూఎమ్యూలో ఉన్న పద్ధతే. కొత్తగా కోడ్ రాసేవాళ్లు లూప్ లోపల ముగింపు గీత గీస్తే ఈ లాభమంతా గంగలో కలుస్తుంది.

డిస్కుకొక తూమా, అందరికీ ఒకే తూమా

ఎక్కువ మంది అడిగేది ఇదే: వర్ట్‌ఐఓ (గెస్ట్‌ల కోసమే చేసిన పరికరాల పద్ధతి) బ్లాకా, వర్ట్‌ఐఓ స్కజీనా?

బ్లాక్ అంటే ప్రతి డిస్కూ ఒక సొంత పీసీఐ పరికరం. పొలానికొక తూము. మధ్యలో స్కజీ (డిస్కులతో మాట్లాడే పాత ఆదేశాల భాష) పొర లేదు, డిస్కుకి తన క్యూలు తనవే, తన ఐఓ థ్రెడ్ తనకి ఇవ్వొచ్చు. 2024లో వచ్చిన 9.0 నుంచి ఒకే డిస్కు క్యూలని నాలుగైదు థ్రెడ్లకి పంచే వీలు కూడా వచ్చింది. డేటాబేస్ ఉన్న డిస్కుకి దీన్ని మించింది లేదు. “ట్రిమ్ (ఈ చోటు ఇక అక్కర్లేదని డిస్కుకి చెప్పడం) కావాలంటే స్కజీయే దిక్కు” అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. 2019లో క్యూఎమ్యూ 4.0, లినక్స్ 5.0 వచ్చాక ఆ మాటకి కాలం చెల్లింది. బ్లాక్‌కీ డిస్కార్డ్, అంటే అదే ట్రిమ్, ఉంది.

స్కజీ అంటే గట్టుకి ఒకే తూము, లోపల పిల్ల కాలువలు. ఒక కంట్రోలర్ ఒక స్లాట్ తీసుకుంటుంది. దాని కింద 256 టార్గెట్లు, టార్గెట్‌కి 16384 లన్‌ల (ఒక్కో లన్ ఒక డిస్కు) దాకా చోటుంది. డిస్కు కొత్తగా పెట్టినా తీసినా పీసీఐ జోలికి పోనక్కర్లేదు, కంట్రోలర్ ఈవెంట్ క్యూ ద్వారా గెస్ట్‌కి కబురు పంపుతుంది. క్లస్టర్లకి కావాల్సిన రిజర్వేషన్లు, టేప్ డ్రైవుల్ని నేరుగా అందించడం లాంటివి కూడా ఈ దారిలోనే.

తేడా తెలియాలంటే మళ్లీ మా నలభై డిస్కుల లెక్కే చూడాలి. స్లాట్ల గొడవకి కుర్రాడు కనిపెట్టిన చిట్కా మల్టీఫంక్షన్: ఒక స్లాట్‌లో ఎనిమిది ఫంక్షన్లు కాబట్టి 27 స్లాట్లలో 216 పరికరాలు పడతాయి. పట్టాయి కూడా. అప్పుడు రెండో గడప తగిలింది. మా గెస్ట్‌కి 32 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు). క్యూఎమ్యూ 5.2 నుంచి బ్లాక్ డిస్కుకి మనం ఏమీ చెప్పకపోతే వీసీపీయూకి ఒక క్యూ చొప్పున ఇస్తుంది. మంచి ఉద్దేశమే, డిస్కులు రెండుంటే. నలభై ఉంటే 1280 క్యూలు. క్యూకి తట్టే ఈవెంట్ ఎఫ్‌డీ ఒకటి, తిరిగి పిలిచేది ఒకటి, వెరసి 2560 డిస్క్రిప్టర్లు. మా షెల్‌లో పరిమితి మామూలుగా ఉండే 1024. “ఓపెన్ చేసిన ఫైళ్లు మరీ ఎక్కువ” అని ఒక ముక్క చెప్పి ప్రాసెస్ చేతులెత్తేసింది. పరిమితి పెంచితే పోయేదే. అయినా కుర్రాడు లెక్క ఇంకా ముందుకి లాగి చూశాడు. డిస్కుకి 32 క్యూలు, కాన్ఫిగరేషన్‌కి ఒకటి, మొత్తం 33 ఇంటరప్టు వెక్టర్లు. కేవీఎం ఒక మెషీన్‌కి ఇచ్చే ఇంటరప్టు దారులు 4096. భాగిస్తే 124. అంటే వంద చిల్లర డిస్కుల దగ్గర ఈ గోడ ఖాయం, ఏ షెల్ పరిమితీ దాన్ని కదపదు.

అదే నలభై డిస్కుల్ని నాలుగు స్కజీ కంట్రోలర్ల కింద పదేసి పెడితే? కంట్రోలర్‌కి 32 రిక్వెస్ట్ క్యూలు, ఆజ్ఞలకొకటి, కబుర్లకొకటి. మొత్తం 136 క్యూలు, 1280 ఉన్న చోట. డిస్కులు నలభై నుంచి నాలుగు వందలైనా ఈ అంకె మారదు.

మరి స్కజీకి మైనస్ ఏమిటి? ఉమ్మడి కాపురం. కంట్రోలర్ క్యూలో డిఫాల్ట్‌గా 256 చోట్లుంటాయి. ఒకే క్యూ పెట్టి నలభై డిస్కులూ ఒకేసారి పని మొదలుపెడితే తలా ఆరు దక్కుతాయి. మాకు ఇది ఎలా తెలిసిందంటే, ఒక లన్ వెనక పాత యూఎస్‌బీ హార్డ్ డిస్కు పెట్టాం, చౌకగా దొరికిందని. అది రాతలకి ఆయాసపడుతూ ఉంటే దాని రిక్వెస్టులు చోటు ఖాళీ చెయ్యవు, పక్కనున్న వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కుల వాటా చిక్కిపోతుంది. మధ్యాహ్నమంతా గెస్ట్‌లో తప్పు వెతికాం. చివరికి ఆ ఒక్కదాన్నీ వేరే కంట్రోలర్ కిందకి మార్చగానే మిగతావి లేచి పరుగెత్తాయి. అప్పట్నుంచి మా దగ్గర నియమం: నెమ్మది డిస్కులకి వేరే కాపురం. ఒక్క కంట్రోలర్‌తో సరిపెట్టకుండా నాలుగు పెట్టడానికి కారణం కూడా ఇదే. ఒక్కోదానికి ఒక్కో ఐఓ థ్రెడ్ కూడా దక్కుతుంది.

నా తీర్పు అడిగితే, పది డిస్కుల లోపు ఆలోచించకుండా బ్లాక్. పది దాటాక మొత్తాన్ని స్కజీకి మార్చకండి. వేడి (ఎడతెగక పని చేసే) డిస్కులు రెండు మూడు బ్లాక్‌లో ఉంచి, మిగతావి స్కజీకి తోలండి. బ్లాకే వాడి తీరాలంటే చల్లగా ఉండే డిస్కులకి క్యూల సంఖ్య ఒకటికి కుదించండి. ఆ ఒక్క సెట్టింగుతో పైన చెప్పిన గోడలన్నీ చాలా దూరం జరుగుతాయి.

క్యూ35, దాని పోర్టులు

పాత పీసీని వదిలేసి క్యూఎమ్యూలోనే ఉన్న కొత్త మెషీన్ రకం క్యూ35కి వెళ్లమని అందరూ అంటారు, నేనూ అంటాను. నిజం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. కానీ అక్కడ హాట్‌ప్లగ్ (మెషీన్ నడుస్తుండగానే పరికరం పెట్టడం, తీయడం) కావాలంటే పరికరానికి ఒక రూట్ పోర్టు, ఆ పోర్టు మెషీన్ లేపక ముందే ఉండాలి. పోర్టు ఒక్కోటీ ఒక బస్సు నంబర్ మింగుతుంది, ఉన్నవి 256. పెళ్లికి ఎంతమంది వస్తారో తెలియక ముందే విస్తళ్లు వేసి కూర్చున్నట్టు ఉంటుంది వ్యవహారం. వేసిన ప్రతి విస్తరికీ ఫర్మ్‌వేర్ బూట్‌లో వచ్చి తొంగి చూస్తుంది.

ఇంకో చిక్కు ఐఓ పోర్టు అడ్రసులు. ఎక్స్86లో ఉన్నదంతా 64 కిలోబైట్లే. బ్రిడ్జి వెనక కిటికీ తెరిస్తే 4 కిలోబైట్ల కంటే తక్కువ తెరవడానికి లేదు. అంటే పదహారు కిటికీలకి మించి కుదరదు, అందులో ప్లాట్‌ఫామ్ వాటా పోగా ఇంకా తక్కువ. కొత్త తరహా వర్ట్‌ఐఓ పరికరాలకి ఐఓ పోర్టులే అక్కర్లేదు కాబట్టి ఈ బాధ లేదు. ఈ1000 లాంటి పాత నెట్ కార్డుని ఎమ్యులేట్ చేసి ఇరవై పోర్టుల వెనక పెడితే మాత్రం బాధ తెలుస్తుంది.

తీసేటప్పుడు కూడా ఓపిక కావాలి. నేటివ్ హాట్‌ప్లగ్‌లో అటెన్షన్ బటన్ నొక్కాక, మనసు మార్చుకుంటారేమోనని లినక్స్ ఐదు సెకన్లు ఆగుతుంది. వర్చువల్ బటన్‌కీ అదే మర్యాద. డిస్కుల్ని గంటకి వందసార్లు పెట్టి తీసే పరీక్షలకి పీసీఐ హాట్‌ప్లగ్ పనికిరాదు, స్కజీ లన్‌లే నయం.

మిగతావి క్లుప్తంగా

వర్ట్‌ఐఓ ఎంఎంఐఓ: పీసీఐ అనేదే లేకుండా, ఫలానా అడ్రసులో ఫలానా పరికరం ఉందని ముందే చెప్పేయడం. క్షణంలో బూట్ కావాలి, పరికరాలు నాలుగే ఉంటాయి అనుకున్నప్పుడు భలే ఉంటుంది. 2018లో అమెజాన్ బయటపెట్టిన ఫైర్‌క్రాకర్ ఈ దారే పట్టింది, 2019 డిసెంబరులో క్యూఎమ్యూలోకి వచ్చిన మైక్రోవీఎం కూడా. అయితే పరికరానికి ఒకే ఇంటరప్టు, ఎన్ని క్యూలున్నా అన్నీ దాన్నే పంచుకోవాలి. పరికరాలు పెరిగేకొద్దీ ఇంటరప్టు గీతలే చాలవు. వంద డిస్కుల వాళ్లు ఇటు రావొద్దు. ఏఆర్ఎం వాళ్ల “విర్ట్” మెషీన్‌లో 32 ఎంఎంఐఓ చోట్లుంటాయి. అక్కడ కూడా పీసీఐ ఉంది, దాన్నే వాడుకోండి.

వీఎఫ్ఐఓ, ఎస్ఆర్-ఐఓవీ: నిజం కార్డుని లేదా దాని ముక్కని నేరుగా గెస్ట్ చేతిలో పెట్టడం. పని ఖర్చు దాదాపు సున్నా. బదులుగా గెస్ట్ మెమరీ మొత్తాన్ని హోస్ట్‌లో మేకు కొట్టి ఉంచాలి. 64 జీబీ గెస్ట్ అంటే 64 జీబీ బయటికి కదలదు, ఇంకొకరికి అప్పివ్వడానికి లేదు. మెషీన్‌ని నడుస్తుండగా వేరే సర్వర్‌కి మార్చడం కార్డు కంపెనీ దయ. ఒకటి రెండు నెట్ కార్డులకి సరే, సంఖ్య పెంచుకునే దారి మాత్రం ఇది కాదు.

నెట్ కార్డుల సంగతి వస్తే, ఒకే గెస్ట్‌కి ఇరవై కార్డులు తగిలించమని అడిగినవాళ్లలో చాలామందికి నిజంగా కావాల్సింది ఇరవై వీల్యాన్లు (ఒకే తీగ మీద విడివిడి నెట్‌వర్కులు). ఒకే కార్డు మీద ట్రంక్ తీసుకుని గెస్ట్ లోపల విడగొట్టుకోమనండి.

ఎమ్యులేటెడ్ ఎన్‌వీఎంఈ గురించి ఒక్క మాట. ఒక కంట్రోలర్ కింద చాలా నేమ్‌స్పేసులు (ఒక్కోటీ ఒక డిస్కులా కనబడుతుంది) పెట్టొచ్చు, వర్ట్‌ఐఓ డ్రైవర్ లేని గెస్ట్‌కి పనికొస్తుంది. విండోస్‌తో వర్ట్‌ఐఓ డ్రైవర్లు వాటంతట అవి రావు, ఐఎస్ఓ ఫైలు విడిగా తగిలించాలి. ఆ శ్రమ వద్దనుకునే చోట ఇది చూడండి.

కొనకముందే కొలుచుకోండి

పరీక్షకి నిజం డిస్కు ఫైళ్లు అక్కర్లేదు. క్యూఎమ్యూలో నల్-కో అని ఒక ఉత్తుత్తి డ్రైవర్ ఉంది. ఏది రాసినా సరే అంటుంది, ఎక్కడా దాచదు. మన వీధిలో అప్పిచ్చినవాడి దగ్గర తలూపే కొందరిలాగ. దాంతో వంద డిస్కులు రెండు నిమిషాల్లో తయారవుతాయి. డిస్కులు అసలు లేవు కాబట్టి కనబడే ఖర్చంతా ఏర్పాటు ఖర్చే.

యాభై డిస్కులతో లేపి గెస్ట్ లాగిన్ దాకా ఎన్ని సెకన్లో రాసుకోండి. వందతో మళ్లీ. రెట్టింపు సమయమైతే సరే. నాలుగు రెట్లయితే ఎక్కడో ఒక జాబితాని పదే పదే తిరగేస్తున్నారని అర్థం. తర్వాత గెస్ట్‌ని ఓ నిమిషం ఊరికే వదిలేసి, హోస్ట్‌లో క్యూఎమ్యూ ప్రాసెస్ ఎంత సీపీయూ తింటుందో టాప్‌లో చూడండి. అసలైన పరీక్ష మూడోది: ఒక్క డిస్కు మీదే ఎఫ్ఐఓ (డిస్కు వేగం కొలిచే ప్రోగ్రామ్) నడపండి, పక్కన వేరే డిస్కు లేకుండా ఒకసారి, తొంభై తొమ్మిది ఖాళీ డిస్కులతో ఒకసారి. ఈ రెండు అంకెల మధ్య తేడాయే ఊరికే ఉన్నవాటిని మీరు మేపుతున్న ఖర్చు. మా దగ్గర డిస్కులన్నీ మెయిన్ లూప్‌లో ఉన్నప్పుడు ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనబడింది, ఐఓ థ్రెడ్లకి మార్చాక దాదాపు మాయమైంది.

ప్రస్తుతం మా మెషీన్ క్యూ35. సిస్టమ్ డిస్కూ, లాగ్ డిస్కూ బ్లాక్. మిగతా 96 డిస్కులు నాలుగు స్కజీ కంట్రోలర్ల కింద ఇరవై నాలుగేసి, కంట్రోలర్‌కి నాలుగు క్యూలు, ఒక ఐఓ థ్రెడ్. ఖాళీగా ఎనిమిది రూట్ పోర్టులు. ఇన్ని డిస్కులు ఉన్నప్పుడు గెస్ట్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లని నమ్మడానికి లేదు. ఒక్కో బూట్‌కి ఒక్కోలా తారుమారవుతాయి. సీరియల్ నంబరు పెట్టి దాంతోనే పిలవాలి. కంట్రోలర్లకి కుర్రాడు మన ఏళ్ల పేర్లు పెట్టాడు: వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా. వాటి కింద డిస్కులకి ఆ ఒడ్డు ఊళ్ల పేర్లు సీరియల్‌గా ఇచ్చాడు, హిరమండలం, ఆమదాలవలస, బారువ అంటూ. ముచ్చటపడి తెలుగు అక్షరాల్లోనే టైపు చేశాడు. వర్ట్‌ఐఓ బ్లాక్‌లో సీరియల్‌కి చోటు 20 బైట్లు, మేం అన్నిటికీ అదే కొలత పెట్టుకున్నాం. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు. హిరమండలం, ఆమదాలవలస 24 బైట్లు, ఇచ్ఛాపురం 27 బైట్లయి కూర్చున్నాయి. పట్టని ఊళ్ల పేర్లు మాత్రమే ఇంగ్లీషులో రాయాలో, మొత్తం అన్నీ ఇంగ్లీషులోకి మార్చాలో ఇంకా తేల్చుకోలేదు.